దూరం నుంచి జరిపే సమావేశాలు – రైల్వే కంట్రోలు నేర్పే క్రమశిక్షణ



ఈనాటి మన పాఠ్యాంశం ‘కార్యాలయాల్లో వీడియో సమావేశాల నిర్వహణ’. కరోనా కాలంలో, అంటే 2020, 2021 సంవత్సరాల్లో మీలో చాలామంది సెల్‌ఫోను తెర మీదే పాఠాలు విన్నారు. మాస్టారి గొంతు మధ్యలో ఆగిపోవడం, ఇద్దరు ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోవడం, “వినిపిస్తోందా?” అనే ప్రశ్నతోనే పది నిమిషాలు గడిచిపోవడం మీకు అనుభవమే. రేపు మీరు ఉద్యోగంలో చేరాక ఇదే తెర ముందు కూర్చుని నిర్ణయాలు తీసుకోవలసి ఉంటుంది. తరగతిలో మాట వినబడకపోతే పాఠం మళ్ళీ చదువుకోవచ్చు. ఉద్యోగంలో ఒక మాట తప్పుగా వినబడితే దాని ఫలితం మరొకరి మీద పడుతుంది.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. ఒకటి, తెర మీద సంభాషణ ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడం కంటే ఎందుకు కష్టం? రెండు, ఆ కష్టాన్ని ఏ పద్ధతులతో అధిగమించవచ్చు? మూడు, సమావేశం ఫలించిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఉదాహరణ కోసం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు వెళదాం. రైల్వే పట్టణానికీ వీడియో సమావేశానికీ సంబంధం ఏమిటని మీకు సందేహం రావచ్చు. ముఖాలు కనబడని మనుషులు, దూరదూరంగా కూర్చుని, కేవలం మాట ఆధారంగా ప్రమాదం లేకుండా పని చేసుకోవడం రైల్వేవారు కంప్యూటర్లు రాకముందే నేర్చుకున్నారు. వారి పద్ధతి అర్థమైతే మనకు కావలసిన సూత్రాలన్నీ అందులోనే దొరుకుతాయి.

బిలాస్‌పూర్ – పట్టాల మీద పెరిగిన పట్టణం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో సరుకు రవాణాకు ప్రారంభమైంది. తూర్పు తీర రైలు మార్గంలో వాల్తేరు వరకు ఉన్న ఉత్తర భాగం కూడా 20వ శతాబ్ది ఆరంభంలో ఈ సంస్థ చేతికే వచ్చింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయింది. ఈ విధంగా ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికీ పట్టాలు కలిశాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు రైల్వే ఉద్యోగాలకు వచ్చి బిలాస్‌పూర్ కాలనీల్లో స్థిరపడ్డారు. ఇది చదువుతున్న మీలో కొందరి తాతగారు ‘బి.ఎన్.ఆర్.’ అనే మూడక్షరాలను ఎంతో గౌరవంగా పలికి ఉంటారు.

2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే బిలాస్‌పూర్ కేంద్రంగా పని ప్రారంభించింది. దీనిలో బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ అనే మూడు డివిజన్లు ఉన్నాయి. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ సుమారు 110 కిలోమీటర్లు, నాగ్‌పూర్ సుమారు 410 కిలోమీటర్లు. కోర్బా ప్రాంతపు గనుల నుంచి బొగ్గును తరలించడం ఈ జోనుకు ముఖ్యమైన పని. బొగ్గు తవ్వే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా బిలాస్‌పూర్‌లోనే ఉంది.

2022 ఆగస్టు 15న ఈ జోను ‘సూపర్ వాసుకి’ అనే గూడ్సు బండిని కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు నడిపింది. అయిదు గూడ్సు బండ్లను కలిపి ఒకటిగా నడిపిన ఆ బండికి 6 ఇంజన్లు, 295 వ్యాగన్లు. పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. అది మోసుకెళ్ళిన బొగ్గు సుమారు 27,000 టన్నులు. ఇంత పొడవైన బండిని దారిలో ఏ స్టేషన్ లూప్ లైనులోనూ పక్కకు తప్పించి నిలపడం సాధ్యం కాదు. కాబట్టి ముందున్న స్టేషన్లన్నీ దారిని సిద్ధంగా ఉంచాలి. వందల కిలోమీటర్ల పొడవునా ఉన్న మనుషులు ఒకే విషయాన్ని ఒకే విధంగా అర్థం చేసుకుంటేనే ఇటువంటి పని నెరవేరుతుంది. అది ఎలా సాధ్యమో ఇప్పుడు చూద్దాం.

ఒకే తీగ మీద అనేక స్టేషన్లు

ప్రతి డివిజన్‌లోనూ ఒక కంట్రోలు కార్యాలయం ఉంటుంది. అందులో ఒక్కొక్క సెక్షన్‌కు ఒక సెక్షన్ కంట్రోలరు ఉంటారు. ఆ సెక్షన్‌లోని స్టేషన్ మాస్టర్లందరి ఫోన్లూ ఒకే లైనుకు కలిపి ఉంటాయి. కంట్రోలరు తనకు కావలసిన స్టేషన్‌లో మాత్రమే గంట మోగించి పిలవగలరు. స్టేషన్ మాస్టరు ఫోను ఎత్తితే నేరుగా కంట్రోలరుతో మాట్లాడవచ్చు. అయితే లైను ఒక్కటే కాబట్టి ఒకరు మాట్లాడుతుండగా మరొకరు కల్పించుకుంటే ఇద్దరి మాటా పాడవుతుంది. ఆలోచిస్తే, ఇది ఎప్పుడూ ముగియని ఒక ఆన్‌లైన్ సమావేశమే. చిత్రం లేదు, అంతే తేడా.

ఈ లైను మీద కొన్ని అలవాట్లు సహజంగా స్థిరపడ్డాయి. మాట్లాడేవారు ముందుగా తమ స్టేషన్ పేరు చెబుతారు. చెప్పవలసింది చెప్పి ఆపుతారు. బండి నెంబరు, సమయం వంటి వివరాలను విన్నవారు తిరిగి పలుకుతారు. విన్నదాన్ని వెంటనే రాసుకుంటారు. కంట్రోలరు ఒకప్పుడు పెద్ద గళ్ళ కాగితం మీద ప్రతి బండి నడకనూ గీతలుగా గీసేవారు. ఇప్పుడు ఆ చార్టు కంప్యూటరు తెర మీదకు వచ్చింది.

వీటికి తోడు ‘ప్రైవేట్ నెంబరు’ అనే పద్ధతి ఒకటుంది. ఇది మన పాఠానికి చాలా ముఖ్యం. ఇంటర్‌లాకింగ్ లేని ఒక లెవెల్ క్రాసింగ్ గేటును ఊహించుకోండి. బండి వస్తోందని స్టేషన్ మాస్టరు గేటుమన్‌కు ఫోన్ చేస్తారు. గేటు వేశానని గేటుమన్ చెబుతాడు. కానీ “వేశాను” అన్న ఒక్క మాట చాలదు. తన దగ్గర ఉన్న అచ్చు కాగితంలోని ఒక నెంబరును అతను చెప్పాలి. స్టేషన్ మాస్టరు దాన్ని రిజిస్టరులో రాసుకోవాలి. ఆ నెంబరు ఒకసారి వాడాక కొట్టివేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏ విషయానికి మాట ఇచ్చారో ఆ నెంబరు తెలుపుతుంది. చాలాచోట్ల ఇంటర్‌లాకింగ్, ఆటోమేటిక్ సిగ్నళ్ళు వచ్చినప్పటికీ, ఫోను మాట మీద ఆధారపడవలసిన సందర్భాల్లో ప్రైవేట్ నెంబరు నేటికీ వాడుకలో ఉంది. గేటు దగ్గర రోడ్డు మీద ఉన్నవారి ప్రాణాలు ఆ మాట మీద ఆధారపడి ఉన్నాయి కనుకనే ఇంత జాగ్రత్త.

తెర మీద సంభాషణ ఎందుకు కష్టం?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగియడానికీ రెండవవారు మొదలుపెట్టడానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది? ప్రపంచంలోని పది వేర్వేరు భాషలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇది సగటున సెకనులో సుమారు అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు అని తేలింది. కనురెప్ప పాటు సమయం. ఎదుటివారి చూపు, ఊపిరి, గొంతులోని దింపు గమనించి మనం ఇంత వేగంగా మాట అందుకుంటాం.

ఇంటర్నెట్‌లో మాట ముక్కలు ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఆ ముక్కలను అవతలి పరికరం పోగుచేసి మళ్ళీ మాటగా మార్చడానికి కొంత సమయం పడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ బాగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచించింది. ఆలస్యం 300 మిల్లీసెకన్లు అయిందనుకోండి. మీ మాట అవతలికి చేరడానికి 300, వారి జవాబు మీకు చేరడానికి మరో 300. అవతలివారు వెంటనే జవాబిచ్చినా, మీకు మాత్రం వారు తటపటాయించినట్లు అనిపిస్తుంది. మీరు మళ్ళీ మొదలుపెడతారు. అదే క్షణంలో వారి జవాబు వచ్చి మీ మాటతో ఢీకొంటుంది. ఇది ఎవరి మర్యాదలోపమూ కాదు, మార్గంలోని ఆలస్యం.

రెండవ కారణం అలసట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్‌సన్ 2021లో ప్రచురించిన వ్యాసంలో దీనికి నాలుగు కారణాలు సూచించారు. అవి: ఎన్నో ముఖాలు అతి దగ్గరగా మనవైపే చూస్తున్నట్లుండటం, మన ముఖాన్ని మనమే నిరంతరం చూసుకోవడం, కదలకుండా ఒకే చోట కూర్చోవలసి రావడం, మామూలుగా సైగలతో తెలిసిపోయే విషయాలను శ్రమపడి గ్రహించవలసి రావడం.

చిత్రం ఉన్నంత మాత్రాన సంభాషణ బాగుపడదని చరిత్ర కూడా చెబుతోంది. అమెరికాలో బెల్ సంస్థ ‘పిక్చర్‌ఫోన్’ను 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపింది. 1970లో పిట్స్‌బర్గ్ నగరంలో వ్యాపార సేవగా ప్రారంభించింది. అది నిలవలేదు. కరోనా కాలంలో మాత్రం వీడియో సమావేశం తప్పనిసరి అయింది. జూమ్ సంస్థ లెక్క ప్రకారం 2019 డిసెంబరులో రోజుకు సుమారు ఒక కోటిగా ఉన్న సమావేశ హాజరు, 2020 ఏప్రిల్ నాటికి సుమారు 30 కోట్లకు చేరింది. పరికరం అందరి చేతికీ వచ్చింది. వాడే పద్ధతి మాత్రం చాలాచోట్ల రాలేదు. కంట్రోలు లైను మీద ముఖాలు లేవు కాబట్టి అక్కడ పద్ధతి తప్పనిసరి అయింది. తెర మీద ముఖాలు కనబడుతున్నాయి కాబట్టి పద్ధతి అక్కరలేదని మనం పొరబడుతున్నాం.

సమావేశానికి ముందు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక సెక్షన్‌లో పాత పట్టాలు మార్చాలి. అందుకోసం కొన్ని గంటలపాటు ఆ లైను మీద బండ్లు ఆపాలి. దీనిని ట్రాఫిక్ బ్లాక్ అంటారు. పట్టాలు మార్చేది ఇంజనీరింగ్ శాఖ. బండ్లు ఆపవలసింది ఆపరేటింగ్ శాఖ. పైనున్న కరెంటు తీగలను చూసేది విద్యుత్ శాఖ. సిగ్నల్ శాఖ కూడా ఉండాలి. వీరంతా వేర్వేరు ఊళ్ళ నుంచి వీడియోలో కలుస్తారు.

ఆహ్వానంలో ‘ట్రాక్ పనుల సమీక్ష’ అని రాస్తే ఎవరు ఏం సిద్ధం చేసుకుని రావాలో తెలియదు. అలా కాక, ‘వచ్చే వారంలో ఏ రోజు, ఏ సమయంలో 3 గంటల బ్లాక్ ఇవ్వగలం?’ అని ప్రశ్నగా రాయండి. అప్పుడు ఆపరేటింగ్ వారు బండ్ల పట్టికతో వస్తారు, ఇంజనీరింగ్ వారు మనుషులు, యంత్రాల వివరాలతో వస్తారు. జవాబు దొరకగానే సమావేశం ముగించవచ్చు. అజెండాలోని ప్రతి అంశాన్నీ ఈ విధంగా ప్రశ్న రూపంలో రాయడం అలవాటు చేసుకోండి. ప్రశ్నగా రాయడానికి వీలుకాని అంశం సాధారణంగా సమాచారమే అయి ఉంటుంది. దానిని ఒక ఉత్తరంలో పంపితే చాలు.

ఎవరిని పిలవాలి? చిన్న లెక్క వేయండి. 12 మందితో ఒక గంట సమావేశం అంటే 12 పని గంటలు. రోజుకు 8 గంటల పని అనుకుంటే ఇది ఒక మనిషి ఒకటిన్నర రోజుల శ్రమకు సమానం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు, ఆ జవాబును అమలు చేయవలసినవారు ఉంటే చాలు. మిగిలినవారికి తరువాత మినిట్స్ పంపవచ్చు.

సాంకేతిక ఏర్పాట్ల గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. లింకు ముందురోజే అందాలి. పది నిమిషాల ముందు మైకు, కెమెరా సరిచూసుకోవాలి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, వెనుక నుంచి కాదు. అపరిచితులు రాకుండా పాస్‌వర్డు పెట్టాలి. సమావేశాన్ని రికార్డు చేస్తుంటే ఆ సంగతి అందరికీ మొదటే చెప్పాలి.

సమావేశం జరిగేటప్పుడు

కంట్రోలు లైను అలవాట్లనే ఇక్కడికి తెచ్చుకుందాం.

మొదటిది, ఒకరి తరువాత ఒకరు. “ఎవరైనా ఏమైనా చెబుతారా?” అని అడిగితే మౌనమో, గందరగోళమో మిగులుతుంది. కంట్రోలరు ఏ స్టేషన్ కావాలో ఆ స్టేషన్‌నే పిలిచినట్లు, నిర్వాహకుడు పేరు పెట్టి పిలవాలి. “ముందు రాయ్‌పూర్, తరువాత నాగ్‌పూర్” అని వరుస ముందే చెబితే ఇంకా మంచిది. ఆలస్యం వల్ల వచ్చే ఢీకొట్టుకోవడం దీనితో చాలావరకు తగ్గుతుంది. పేరు పిలిచాక రెండు, మూడు సెకన్లు ఆగండి.

రెండవది, మ్యూట్. కంట్రోలు ఫోను రిసీవరుకు నొక్కితేనే మాట వెళ్ళే మీట ఉంటుంది. స్టేషన్‌లోని రణగొణధ్వని లైనులోకి రాకుండా చేసిన ఏర్పాటు అది. మీ మ్యూట్ బటను పని కూడా అదే.

మూడవది, తిరిగి పలకడం. బిలాస్‌పూర్ కార్యాలయంలో హిందీ, ఇంగ్లీషు, ఛత్తీస్‌గఢీ, తెలుగు, బెంగాలీ, ఒడియా మాట్లాడేవారు కలిసి పనిచేస్తారు. హిందీలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. ఎదురుగా ఉంటే సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. సగం మాట తెగిపోయిన లైనులో తెలియదు. కాబట్టి ‘కల్’ అనకుండా తేదీ చెప్పండి. మన తెలుగులో కూడా ఇరవై, అరవై అనే మాటలు సన్నని లైనులో ఒకటిగానే వినిపిస్తాయి. ‘రెండు సున్న’, ‘ఆరు సున్న’ అని అంకెలను విడివిడిగా పలకండి. సమయాన్ని రైల్వేవారిలా 24 గంటల లెక్కలో చెబితే పగలు, రాత్రి అనే సందేహం ఉండదు. విన్నవారు ఒక్కసారి తిరిగి చెప్పాలి. దీనికి అయిదు సెకన్లు పడుతుంది.

నాలుగవది, విరామం. గంట దాటే సమావేశమైతే మధ్యలో అయిదు నిమిషాలు లేచి తిరగనివ్వండి. మీ ముఖం మీకు కనబడకుండా చేసే ఏర్పాటు చాలా యాప్‌లలో ఉంది, వాడుకోండి.

మౌనంగా ఉన్నవారి సంగతి

విద్యార్థులారా! ఈ పాఠంలో మీరు తప్పక గుర్తుంచుకోవలసిన భాగం ఇది. రైల్‌టెల్ సంస్థ 2000 సంవత్సరంలో ఏర్పడింది. రైలు పట్టాల వెంట వేసిన దాని ఆప్టికల్ ఫైబర్ 60,000 కిలోమీటర్లకు పైగా ఉంది. పెద్ద కార్యాలయాల్లో వీడియో చక్కగా వస్తుంది. కానీ బిలాస్‌పూర్–కట్నీ మార్గంలో ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్ దగ్గర అడవుల, కొండల మధ్య పనిచేసే జూనియర్ ఇంజనీరు సంగతి ఆలోచించండి. అతని చేతిలో సెల్‌ఫోను, అందులో బలహీనమైన సిగ్నలు. పట్టా ఎక్కడ అరిగిందో, వాననీరు ఎక్కడ నిలుస్తోందో కళ్ళారా చూసినవాడు అతనే. తెర మీద మాత్రం అతను ఒక మూలన నల్లని చతురస్రంగా ఉంటాడు. పెద్ద అధికారులు ముందుగా మాట్లాడి “3 గంటలు చాలు” అంటే, “చాలవు సార్, 4 కావాలి” అని అతను కల్పించుకుని చెప్పగలడా?

చెప్పలేకపోతే ఏమవుతుంది? 3 గంటల బ్లాక్ ఇస్తారు. పని పూర్తి కాదు. బండ్లు ఆలస్యమవుతాయి, లేదా తొందరలో పని చేయవలసి వస్తుంది. పట్టాల మీద తొందర పని అంటే అక్కడ పనిచేసే ట్రాక్‌మెన్‌కు ప్రమాదం. సమావేశం సాఫీగా ముగిసినా ఫలించలేదన్నమాట.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. పనికి అతి దగ్గరగా ఉన్నవారిని, సిగ్నలు బలహీనంగా ఉన్నవారిని అందరికంటే ముందు మాట్లాడనివ్వండి. చిన్న ఉద్యోగులు మాట్లాడాక పెద్దలు అభిప్రాయం చెప్పాలి. అటువంటివారిని కెమెరా ఆపుకోనివ్వండి. ధ్వనికి కావలసిన డేటా చిత్రానికి కావలసినదానిలో చిన్న భాగమే కాబట్టి మాట తెగకుండా వస్తుంది. వారికి ఇంగ్లీషులో తడబాటు ఉంటే తమకు వచ్చిన భాషలో చెప్పమనండి, మరొకరు అనువదించవచ్చు. చాట్‌లో రాసినదాన్ని కూడా పైకి చదివి లెక్కలోకి తీసుకోవాలి.

సమావేశం తరువాత

గేటుమన్ చెప్పిన నెంబరు గుర్తుందా? ప్రతి సమావేశానికీ అటువంటి నెంబరు ఒకటి కావాలి. “సరే సార్, చూస్తాం” అనేది హామీ కాదు. ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా అనే మూడు వివరాలు ఉంటేనే అది నిర్ణయం. చివరి అయిదు నిమిషాలు దీనికే కేటాయించండి. నిర్వాహకుడు నిర్ణయాలను చదవాలి. పని ఒప్పుకున్నవారు తమ నోటితో తిరిగి చెప్పాలి. అదే రోజు మినిట్స్ అందరికీ పంపాలి. ఒక్కొక్క నిర్ణయానికి ఒక వరుస నెంబరు ఇవ్వండి. తరువాతి సమావేశం ఆ నెంబర్లతోనే మొదలవ్వాలి.

వీడియోకు తగని పనులు కూడా ఉన్నాయి. ఒక ఉద్యోగిని మందలించడం, ఇద్దరి మధ్య పెరిగిన మనస్పర్థలు తీర్చడం వంటివి పదిమంది చూసే తెర మీద చేయరాదు. వీలైనంతవరకు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

సంగ్రహం

తెర మీద సంభాషణలో ఆలస్యం, అలసట సహజం. వాటిని పరికరం పూర్తిగా తొలగించలేదు, పద్ధతి మాత్రమే సర్దుబాటు చేయగలదు. అజెండాను ప్రశ్నగా రాయాలి. అవసరమైనవారినే పిలవాలి. పేరు పెట్టి వంతులవారీగా మాట్లాడించాలి. తేదీలు, అంకెలు తిరిగి పలికించాలి. పని జరిగే చోట ఉన్నవారి మాట ముందు వినాలి. ప్రతి నిర్ణయానికీ మనిషి, పని, తేదీ రాయాలి. సమావేశం ఫలించిందో లేదో తెలుసుకోవాలంటే, మరునాడు అందులో పాల్గొన్న ఏ ఇద్దరినైనా విడివిడిగా “ఏం నిర్ణయించారు?” అని అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెబితే ఫలించినట్లు.

అభ్యాసం

1. మీ కళాశాల వార్షికోత్సవం గురించి అయిదుగురు మిత్రులతో 20 నిమిషాల వీడియో సమావేశం జరపండి. అజెండాలో మూడే ప్రశ్నలు ఉండాలి.
2. ఒక మిత్రుణ్ణి కెమెరా ఆపి, ధ్వనితో మాత్రమే పాల్గొనమనండి. అతనికి ఎన్నిసార్లు మాట్లాడే అవకాశం వచ్చిందో మరొకరు లెక్కపెట్టాలి.
3. మరునాడు ప్రతి ఒక్కరినీ నిర్ణయాలను చూడకుండా రాయమనండి. ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి. తేడా ఎక్కడ వచ్చిందో, ఏ మాట దగ్గర వచ్చిందో చర్చించండి.

మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దలుంటే, కంట్రోలు ఫోను మీద ఎలా మాట్లాడేవారో అడిగి తెలుసుకోండి. ఈ పాఠంలో లేని విషయాలు కూడా వారు చెప్పగలరు. సెలవు.